అడవికి చేరిన అమీర్‌పేట దోమ: శ్రీమతి అరుణాదేవి గారి ముప్పై ఐదేళ్లు

1971 ఆగస్టు రెండవ తేదీ సోమవారం ఉదయం, పంజాగుట్టలో ఒక పాత అద్దె బంగళాలో నడుస్తున్న మన కీటక సర్వేక్షణ కేంద్రంలో అరుణాదేవి గారు కీటక సేకరణ సహాయకురాలిగా బాధ్యతలు స్వీకరించారు. కాకినాడలో జంతుశాస్త్రం చదివి, ఒక ట్రంకుపెట్టెతో, దూరపు బంధువుల చిరునామాతో నగరానికి వచ్చిన ఇరవై మూడేళ్ల అమ్మాయిని చూసి అప్పటి అధికారి, "పశువుల పాకల్లో, మురుగు కాలువల పక్కన తిరిగే పని అమ్మా, చేయగలరా?" అని అడిగారట. "తిరిగితే జీతమిస్తారు కదండీ" అన్నారట ఆవిడ. ఈ నెల ముప్పై ఒకటవ తేదీన, అది కూడా సోమవారమే, సీనియర్ కీటక శాస్త్రవేత్తగా ఆవిడ పదవీ విరమణ చేస్తున్నారు. ఈ ముప్పై ఐదేళ్లలో దోమలు తగ్గలేదు. ఆ మాట ముందే చెప్పేస్తే మిగిలినది చెప్పడం తేలికవుతుంది.

మొదటి పన్నెండేళ్లూ మలేరియా ఏళ్లు. పాకల్లో గోడల మీద వాలిన దోమలను గాజు గొట్టంతో నోటితో పీల్చి పట్టుకోవడం అప్పటి పద్ధతి. గొట్టంలో గుడ్డముక్క అడ్డం ఉంటుంది గనుక దోమ నోట్లోకి రాదు, పాక దుమ్ము మాత్రం వస్తుంది. ఆ దుమ్ముతో పట్టుకున్న దగ్గు ఆవిడను ఇప్పటికీ వదల్లేదు. 1974లో విద్యుత్ శాఖలో పనిచేసే శ్రీ వీర్రాజు గారితో వివాహమైంది. మూడేళ్లకు కుమార్తె రవళి పుట్టింది. ఇల్లు, బిడ్డ, ఉద్యోగం మూడూ చూసుకుంటూనే సాయంకాలం తరగతులకు వెళ్లి పై చదువు పూర్తిచేసి, శాఖాపరమైన పరీక్షలు రాసి, 1982లో ఆవిడ కీటక శాస్త్రవేత్త హోదా పొందారు.

మరుసటి ఏడు కేంద్రం నల్లమల అంచున సర్వే మొదలుపెట్టింది. దూరం ఎక్కువ, భత్యం తక్కువ. ఎవరూ ముందుకు రాని ఆ పనిని అరుణాదేవి గారు అడిగి తీసుకున్నారు. ఆవిడ మనసులో ఒక ప్రశ్న ఉండేది. ఒంటి మీదా కాళ్ల మీదా తెల్లటి పట్టీలుండే ఏడిస్ దోమల్లో అడవికి చెందినవి కొన్ని ఉన్నాయి. అవి చెట్టు తొర్రల్లో నిలిచిన నీళ్లలో పుట్టి, కోతులనూ ఇతర జంతువులనూ కుట్టి బతుకుతాయి. వాటికి దగ్గరి చుట్టమే అయినా నగర దోమ వేరు. అది ఎప్పుడో ఆఫ్రికా నుంచి ఓడల్లోని నీటి పీపాలతో పాటు దిగి, రేవు నుంచి రేవుకూ ఊరి నుంచి ఊరికీ పాకి, మన డ్రమ్ముల్లో, కూలర్లలో, పూలకుండీల్లో కాపురం పెట్టింది. దానికి మనిషి రక్తమే ఇష్టం, డెంగీని ప్రధానంగా మోసేదీ అదే. ఆ దోమ అడవిలోనూ స్థిరపడితే ఏమవుతుంది? కోతుల ఒంట్లో ఏ జబ్బులున్నాయో మనకు పూర్తిగా తెలియదు. మన జబ్బులు అడవిలోకి పోతే వాటిని వెనక్కి తీసుకురావడం ఎవరి తరమూ కాదు.

"పట్నానికీ అడవికీ మధ్య ఒక తలుపుంది. అది వేసి ఉందో లేదో ఏటా వెళ్లి చూసి రావాలి, అంతే" అనేవారు ఆవిడ. పద్దెనిమిదేళ్ల పాటు ప్రతి వానాకాలమూ వెళ్లారు. ప్రతిసారీ తలుపు వేసే ఉంది. ఏమీ దొరకలేదని ఏటా నివేదిక రాయడం ఎంత విసుగైన పనో, ఆ నివేదికను పై అధికారులు ఎంత విసుగ్గా చదువుతారో ఈ సంచిక చదివే సహోద్యోగులకు వేరే చెప్పక్కర్లేదు.

చూసే పద్ధతి చాలా సాదా. లోపల నల్లరంగు పూసిన ఖాళీ పాలపొడి డబ్బా, అందులో సగం దాకా నీళ్లు, అంచున ఒక చెక్కముక్క. ఆ నలుపును తొర్ర అనుకుని దోమ వచ్చి గుడ్లు పెడుతుంది. వారం తర్వాత వెళ్లి అందులో ఏం పుట్టిందో చూస్తాం. ఆఫీసులో వాటిని గుడ్ల డబ్బాలంటాం.

1998 తర్వాత అడవి కన్నా అమీర్‌పేటే ఆవిడ కాలాన్ని ఎక్కువ తినేసింది. కంప్యూటర్ కోచింగ్ సెంటర్ల బోర్డులు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. అమీర్‌పేట, మధురానగర్ వీధుల్లో ఉన్న మేడలన్నీ హాస్టళ్లయ్యాయి. ఒక కుటుంబం ఉండే వాటాలో పదహారు మంచాలు పడ్డాయి. నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి గనుక మెట్ల మీదా, బాల్కనీల్లోనూ, డాబాల మీదా డ్రమ్ములు బారులు తీరాయి. యాభై దాటిన వయసులో, నొప్పులు మొదలైన మోకాళ్లతో, అక్కడ పెట్టే గుడ్ల డబ్బాలు పట్టుకుని ఆవిడ ఆ మెట్లన్నీ ఎక్కారు.

"మళ్ల వచ్చిన్రా మేడం? మొన్ననే గద మందు పోసి పోయిన్రు" అనేది హాస్టల్ నడిపే రాజమ్మ.

"మొన్న కాదు రాజమ్మా, పోయిన నెల. డ్రమ్ముల మూతలేవి?"

"మూతల మీద మిరపకాయలు ఎండబెట్టిన. ఎండిన తర్వాత పెడ్తలే, ఫికర్ చెయ్యకు."

ఒకసారి తువ్వాలు చుట్టుకున్న ఒక విద్యార్థి డ్రమ్ముకు అడ్డంగా నిలబడ్డాడు. "ఆంటీ ఆంటీ, అది పారబొయ్యొద్దండీ, అది జావా బ్యాచ్ వాళ్లది. మాది ఒరాకిల్. మా డ్రమ్ములో నీళ్లే లేవు, దాన్ని చూసుకోండి."

"దోమకి జావా, ఒరాకిల్ తేడా లేదు నాయనా. రెండూ నేర్చేసుకుంటుంది. పక్కకి జరుగు" అన్నారు అరుణాదేవి గారు.

ఆ వీధుల్లో ఆవిడకు దోమల ఆంటీ అని పేరొచ్చింది. విని నవ్వేవారు గాని, సాయంత్రం ఆఫీసుకు తిరిగొచ్చి కుర్చీలో కూలబడినప్పుడు ఆ నవ్వు ఉండేది కాదు. ఈ వారం ఖాళీ చేయించిన డ్రమ్ము వచ్చే వారానికి నిండుతుంది. ఈ ఏడు చెప్పిన కుర్రాళ్లు వచ్చే ఏటికి బెంగుళూరులోనో ఇంకెక్కడో ఉంటారు. కొత్తవాళ్లకు మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. నగరం పెరుగుతున్న వేగానికి మన కేంద్రమూ ఇరుకైపోయింది. 2001 వేసవిలో మనకూ కంప్యూటర్లు వచ్చాయి, వాటికి ఏసీ గది కావాల్సి వచ్చింది. అడవి సామాను పెట్టుకునే గదిని ఖాళీ చేసి ఇచ్చాం. సామానంతా డాబా మీదికి చేరింది.

ఆ వానాకాలమే అడవిలో నగర దోమ దొరికింది.

పద్దెనిమిదేళ్ల తర్వాత మొదటిసారి. ఆ ఏడు పంచాయతీ ఎన్నికల విధులకు మన జీపును తీసుకువెళ్లడంతో గుడ్ల డబ్బాలు వారానికి బదులు దాదాపు నెల రోజులు అడవిలోనే ఉండిపోయాయి. తెచ్చి చూస్తే వాటిలో నగర దోమ పిల్లలు. అరుణాదేవి గారు సూక్ష్మదర్శిని మీద నుంచి తలెత్తి, "తలుపు తెరుచుకుంది" అన్నారు. మరుసటి ఏడు జూలైలోనూ దొరికాయి. నివేదిక ఢిల్లీకి వెళ్లింది, ప్రశంసలు వచ్చాయి. ఎన్నేళ్లుగానో కదలని డిప్యూటీ డైరెక్టర్ పదోన్నతి ఫైలు ఆవిడ పేరు మీద కదిలింది.

దోమ అడవికి ఎలా వచ్చిందన్న ప్రశ్నకు జవాబు అందరికీ తేలిగ్గా తోచింది. పాత టైర్లలో నిలిచే వాన నీళ్లలో ఈ దోమ దేశదేశాలు తిరిగిందన్నది మా వృత్తిలో అందరికీ తెలిసినదే. శ్రీశైలం వెళ్లే దారిలో, అడవి మొదలయ్యే చోట, మొగిలయ్య అనే ఆయన పంక్చర్ దుకాణం ఉంది. ఉన్న కాస్త చెలక భూమీ అమ్మి పెట్టుకున్న దుకాణమది. నగరం నుంచి పాత టైర్లు తెచ్చి దుకాణం వెనక గుట్టగా వేసేవాడు. బహుశా ఈ టైర్ల ద్వారానే దోమ వచ్చి ఉండవచ్చునని నివేదికలో రాశాం. ఆ 'బహుశా' అన్న మాట పంజాగుట్ట నుంచి జిల్లా కార్యాలయానికి చేరేలోపు ఎక్కడో జారిపోయింది. దసరా లోపల దుకాణం తీసేయాలని మొగిలయ్యకు నోటీసు అందింది.

ఇక్కడ ఒక ప్రయాణం గురించి చెప్పాలి. 2002 సెప్టెంబరులో, ఢిల్లీ వాళ్లడిగిన మరికొన్ని నమూనాల కోసం, అరుణాదేవి గారు, ఆవిడ సహాయకుడిగా నేను, డ్రైవర్ నర్సింహులు జీపులో బయల్దేరాం. మధ్యాహ్నానికి అడవిలో డబ్బాలు పెట్టి, సీసాల్లో తీసుకెళ్లిన కాచిన నీళ్లు వాటిలో పోసి తిరుగు దారి పట్టాం. ఘాట్ రోడ్డు దిగుతుండగా వెనక టైరు పేలింది.

నర్సింహులు కిందికి దిగి, బండి చుట్టూ ఒక చుట్టు తిరిగి, మళ్లీ వచ్చి నిలబడ్డాడు. "మేడం, ఒక మాట చెప్త, కోపం చెయ్యొద్దు. స్టెప్నీ సుత పంక్చరే."

"ఏంటి నర్సింహులూ, చూసుకోకుండానే బయల్దేరావా?"

"చూసిన మేడం. పోయిన నెల చూసిన."

ఆ చుట్టుపక్కల ఉన్న దుకాణం ఒక్కటే. నర్సింహులు స్టెప్నీ దొర్లించుకుంటూ ముందు నడిచాడు, మేమిద్దరం వెనక. మొగిలయ్య మమ్మల్ని దూరం నుంచే గుర్తుపట్టాడు. నిలబడలేదు, కూర్చున్న చోటి నుంచి కదల్లేదు.

"నా దుకాణం లేపాలె అని రాసింది మీరే గద మేడం? గిప్పుడు నా దగ్గరికే వచ్చిన్రా?"

అరుణాదేవి గారు బల్ల మీద కూర్చుని, "వచ్చాం. వేరే దుకాణం లేదుగా" అన్నారు.

"అందుకే చెప్తున్న. నేను సుత పోతె మీరు ఏడికి పోతరు?" అంటూనే అతను స్టెప్నీని పడుకోబెట్టి ట్యూబు బయటికి లాగాడు. "నా టైర్లల్ల దొరికిందా గా దోమ?"

"ఇంకా దొరకలేదు."

"దొరకకుండనే లేపుతున్రా?"

"దొరుకుతుందనుకున్నాం."

అతని భార్య భూలక్ష్మి చెంబుతో నీళ్లు తెచ్చి ఆవిడ ముందు పెట్టింది. "తాగమ్మా. మా ఇంట్ల నీళ్లు, పురుగులున్నయేమో మంచిగ చూసుకోని తాగు."

అరుణాదేవి గారు చూడకుండానే తాగారు. భూలక్ష్మి చెంబు తీసుకుని, పిల్లల పుస్తకాల సంచులు పక్కకు జరిపి, ఆవిడ ఆనుకోవడానికి గోడ దగ్గర చోటు చేసింది. దాంతో తిట్లు ఆగాయి.

ట్యూబు రెండు చోట్ల చీలింది. కొత్తది తేవాలంటే మర్నాడు పొద్దున బస్సు రావాలి. ఆ రాత్రి అటవీ శాఖ వాళ్ల విశ్రాంతి గదిలో తలదాచుకున్నాం. పొద్దున్నే నర్సింహులు బస్సు కోసం నిలబడ్డాడు. ఊరికే కూర్చోవడం చేతకాని అరుణాదేవి గారు దగ్గరలో ఉన్న డబ్బాను చూసి వస్తానని నడిచివెళ్లారు. మామూలుగా వారం దాకా ఎవరూ వాటి మొహం చూడరు. చూడాల్సిన పని కూడా లేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆవిడ చేతుల్లో ఆ డబ్బా ఉంది. దుకాణం ముందు బల్ల మీద మా తెల్ల పింగాణీ పళ్లెం పెట్టి, డబ్బాలోని నీళ్లు అందులోకి వంచారు. కళ్లు చికిలించి చూస్తే గాని కనబడనంత సన్నగా, వెంట్రుక తునకల్లా, పురుగులు మెలికలు తిరుగుతున్నాయి.

మొగిలయ్య వంగి చూశాడు. "ఇగ దొరికినయి గద. గిప్పుడు మీకు సంతోషమేనా?"

ఆవిడ పళ్లెం అతని వైపు జరిపారు. "మొగిలయ్యా, ఈ డబ్బా నిన్న మధ్యాహ్నం పెట్టాం. దోమ వెంటనే వచ్చి గుడ్డు పెట్టిందనుకో, ఆ గుడ్డు తయారవడానికే రెండు రోజులు పడుతుంది. ఒక్క రాత్రిలో పిల్ల బయటికి రాదు. ఇవి ఇక్కడ పెట్టిన గుడ్లు కావు."

"మరేడియి?"

"మావే. డబ్బాకి అంటుకుని పట్నం నుంచి వచ్చాయి."

మొగిలయ్య పళ్లేన్నీ, జీపు ఆగిన వైపునూ చూశాడు. "అంటే అమీర్‌పేట నుంచి సర్కారు జీపెక్కి వచ్చినయా? టికెట్ లేకుంట?" అని గట్టిగా నవ్వాడు. భూలక్ష్మి నవ్వలేదు. "మరి మా నోటీసు సంగతేందమ్మా?" అని అడిగింది.

"అది నేను చూసుకుంటాను" అన్నారు అరుణాదేవి గారు.

జరిగింది ఇది. నగర దోమ గుడ్లు డబ్బా లోపలి గోడకు జిగురులా అంటుకుంటాయి. నీళ్లు లేకపోయినా నెలల తరబడి చావవు. ఎప్పుడు తడిస్తే అప్పుడు పగులుతాయి. పని అయ్యాక డబ్బాలను బోర్లించి ఎండబెట్టడం, లోపల మాత్రం గోకి కడగకపోవడం మన ఆఫీసు ఆచారం. గోకితే నల్లరంగు లేచిపోతుంది. రంగు కోసం ఇండెంటు పెడితే మంజూరయ్యేసరికి వానలు వెళ్లిపోతాయి. ఆ ఆచారం పెట్టింది అరుణాదేవి గారే. అడవి డబ్బాలూ హాస్టళ్ల డబ్బాలూ వేరువేరు గదుల్లో ఉన్నన్నాళ్లూ దానివల్ల హాని కలగలేదు. కంప్యూటర్ల కోసం గది ఖాళీ చేసిన నాడు రెండు గుట్టలూ డాబా మీద కలిసిపోయాయి. డబ్బాలే కదా అనుకున్నాం. దోమల గుడ్లు ఎండకు చావవని పుస్తకంలో చదివి, పరీక్షల్లో రాసి, కొత్తవాళ్లకు బోధించిన వాళ్లమే అందరం. మా డబ్బాలకూ ఆ సూత్రం వర్తిస్తుందని ఒక్కరికీ తట్టలేదు.

ఆఫీసుకు తిరిగొచ్చి ఆవిడ డాబా మీది డబ్బాలు కొన్ని తీసి, కాచిన నీళ్లు పోసి, పైన వలగుడ్డ కట్టి పెట్టారు. మర్నాటికి సగానికి పైగా డబ్బాల్లో పిల్లలు ఈదుతున్నాయి. ఆ డబ్బాల్లో ఒకదాన్ని పట్టుకుని ఆవిడ అప్పటి డైరెక్టర్ గారి గదిలోకి వెళ్లారు. ఫైళ్లు పట్టుకుని నేనూ వెళ్లాను.

డైరెక్టర్ గారు చెడ్డవారు కారు, అలసిపోయినవారు. "మేడమ్, ఇకనుంచి డబ్బాలు కడిగిద్దాం. పాతదాన్ని కదపడం ఎందుకు? ఢిల్లీలో మీ పేరు వినబడుతోంది. ఈ నెలాఖరులో ఫైలు సంతకానికి వెళ్తుంది" అన్నారు.

"నివేదిక వెనక్కి తీసుకోవాలి సార్."

"ఆ దుకాణం గురించే కదా మీ బాధ? పోనీ ఇంకోచోట పెట్టుకుంటాడు. టైర్లలో నీళ్లు నిలవడం ఎలాగూ ప్రమాదమే కదా?"

"ప్రమాదమే సార్. కానీ నేను రాసింది ప్రమాదమని కాదు. అతనే తెచ్చి ఉంటాడని రాశాను. తెచ్చింది మనం."

"నివేదిక పోతే పదోన్నతి కూడా పోతుంది. ఆ సంగతి ఆలోచించారా?"

"నిన్న మా ఆయన కూడా అదే అడిగారు. ఆలోచించాం సార్" అని చెప్పి ఆవిడ కాగితం బల్ల మీద పెట్టారు.

జిల్లా కార్యాలయానికి ఆవిడే స్వయంగా వెళ్లారు. రెండు రోజులు వరండాలో కూర్చున్నాక, దసరాకు వారం ముందు నోటీసు రద్దయింది. దుకాణం నిలిచింది. డిప్యూటీ డైరెక్టర్ పదవి మరొకరికి వెళ్లింది. ఢిల్లీ సమావేశాల్లో మన కేంద్రానికి కొత్త పేరు పుట్టింది: దోమలను పట్టేవాళ్లు కాదు, మోసేవాళ్లు అని. ఆ మాట మన వెనక అన్నవాళ్లలో మన దగ్గర పని నేర్చుకున్నవాళ్లూ ఉన్నారు.

అక్కడితో అయిపోయి ఉంటే ఇదొక మంచి కథ అయ్యేది. కాలేదు. మరుసటి వానాకాలం ఆవిడ డబ్బాలు పక్కనబెట్టి, చెట్ల తొర్రల్లోని నీళ్లు తీసి చూశారు. 2001లో మా డబ్బాలు నెల రోజులు అనాథలుగా పడి ఉన్న చోటికి దగ్గరి తొర్రల్లో నగర దోమ పిల్లలు దొరికాయి. వారంలో తీసేయాల్సిన డబ్బాల్లో అవి పెరిగి, రెక్కలొచ్చి, ఎగిరిపోయి, తొర్రల్లో కొత్త గుడ్లు పెట్టాయి. ఏ తలుపుకు ఆవిడ పద్దెనిమిదేళ్లు కాపలా కాశారో ఆ తలుపును మన జీపే తెరిచింది. ఆ విషయమూ ఆవిడ రాసి పంపారు. దానికి మందలింపు రాలేదు, మెచ్చుకోలూ రాలేదు, అసలు జవాబే రాలేదు.

ఆ ఏడు మొదలు నాలుగు వానాకాలాలు ఆవిడ తొర్రల వెంట తిరిగారు. నీళ్లు తోడించి, తొర్రల్లో ఇసుక నింపించారు. మొగిలయ్యతో మాట్లాడి టైర్లన్నీ రేకుల కప్పు కిందికి చేర్పించారు. "నావి కావన్నరు గద మేడం, మళ్ల నాకే పని చెప్తున్రేంది?" అని గొణుగుతూనే అతను ఆ పని చేశాడు. మొదటి రెండేళ్లు దోమ తగ్గినట్టే కనిపించింది. అంతలో ఆ దారిలో శని, ఆదివారాలు నగరం నుంచి కార్లు పెరిగాయి. కంపెనీల బస్సులు వచ్చాయి. వనభోజనాలు చేసిన చోట ప్లాస్టిక్ గ్లాసులు, కొత్తగా కట్టిన రిసార్టులో నగరం నుంచి తెచ్చిన పూలకుండీలు. ఇసుక నింపని మరో వైపు తొర్రల్లో మళ్లీ నగర దోమ కనిపించింది. అది మా దోమల సంతానమో, కొత్తగా వచ్చిందో చెప్పే సాధనం మన దగ్గర లేదు.

ఈ వేసవిలో, ఈ నగర దోమే మోసే కీళ్లు విరిచేసే జ్వరాలు నగరం నుంచి పల్లెల దాకా పాకిన సంగతి అందరికీ అనుభవమే. జూన్ చివర ఆవిడ ఆఖరి పర్యటనకు వెళ్లినప్పుడు మొగిలయ్య దుకాణం తెరిచి లేదు. ఇంట్లో మంచం మీద ఉన్నాడు. మణికట్లు వాచి, పానా పట్టుకోలేని స్థితి. అదే జ్వరం.

"దండం పెట్టనీకి సుత చేతులు లేస్తలేవు మేడం" అన్నాడు. "ఒకటి అడుగుత, నిజం చెప్పు. నన్ను కుట్టింది అప్పుడు మీరు తెచ్చిన దోమేనా? లేకుంటె పట్నపోళ్ల కార్లల్ల వచ్చినదా?"

"తెలియదు మొగిలయ్యా. ఇప్పుడిక ఎవరూ చెప్పలేరు."

"చెప్పలేకుంటె ఇగ ఎవరి తప్పు లేనట్టే గద. ఇడిసిపెట్టు."

"చెప్పలేమంటే తప్పు లేదని కాదు" అన్నారు ఆవిడ.

భూలక్ష్మి కసిరింది. "జరంతసేపు ఊకో రాదమ్మా. ఆయనకు నొప్పులు, నీకు మోకాళ్లు. ఇద్దరు కూసోని తప్పుల లెక్క తీస్తున్రు. చాయ్ తాగు."

ఆవిడ టీ తాగి, కర్ర ఊతంతో లేచి, ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి, నీళ్ల గాబు మీద మూత సరిచేసి వచ్చారు. మొగిలయ్య చేతులు ఇప్పుడు కొంత నయమని, రెండు పూటలా కాకపోయినా ఒక పూట దుకాణం తెరుస్తున్నాడని నర్సింహులు మొన్న చెప్పాడు.

అభినందన వ్యాసంలో ఇవన్నీ రాయనా అని అరుణాదేవి గారిని ముందే అడిగాను. "పై అధికారులున్నారు, వీర్రాజు గారు, రవళి కూడా చదువుతారు" అన్నాను. "డబ్బాల సంగతి లేకపోతే మిగిలినదంతా ఎందుకయ్యా? కాగితం దండగ" అన్నారు. అందుకే రాశాను.

ఎప్పుడూ తప్పు చేయని అధికారులు మన మధ్య చాలామంది ఉన్నారు. వారి వీడ్కోలు సభల్లో మాట్లాడటం సులభం. అరుణాదేవి గారు ముప్పై ఐదేళ్లు నిష్ఠగా పనిచేశారు. ఆ నిష్ఠలోనే ఒక పెద్ద పొరపాటు జరిగింది. దాన్ని మరొకరి నెత్తిన మోపి హాయిగా పైకి వెళ్లగలిగే అవకాశం చేతికందినా, తన నెత్తినే పెట్టుకుని అదే కుర్చీలో మిగిలిపోయారు. దానివల్ల దోమ అడవి వదిలి వెళ్లలేదు. ఒక మనిషి మాత్రం తను చేయని తప్పుకు రోడ్డున పడలేదు. మన కేంద్రం సాధించిన విజయాల జాబితా పొడవైనదేమీ కాదు. అందులో ఇది ఉందని చెప్పుకోవడానికి నాకు గర్వంగా ఉంది. ఆవిడ స్థానంలో ఇంకా ఎవరినీ నియమించలేదు. అడవి సర్వేకు ఈ వానాకాలం ఎవరు వెళ్తారో నాకు తెలియదు. ఆ సంగతి ఆవిడకు చెప్పాల్సి వచ్చిన రోజు నాకేమీ బాగా లేదు.

ఇక ఆవిడ మధురానగర్ ఇంట్లో, మెట్లు ఎక్కే పని లేకుండా, శ్రీ వీర్రాజు గారి సాహచర్యంలో, కుమార్తె రవళి ఆదరణలో ఉంటారు. ఆ దగ్గు నెమ్మదించాలి, మోకాళ్లు కుదుటపడాలి, ఆరోగ్యమూ ఆయుష్షూ నిండుగా కలగాలి. అన్నిటికీ మించి, వరండాలో కూర్చున్న ఆవిడకు, ఈ నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో అన్న ఆలోచన లేకుండా, వానను ఉత్త వానగా చూసే ఒక సాయంత్రం దొరకాలని మనసారా కోరుకుంటున్నాను.